టారో ముక్కలు, స్త్రీమూర్తులు, మన అచ్చుపలకలు

ఆషాఢమాసమున లష్కరు బోనాలు జరిగిన మరునాడు, సికిందరాబాదు ఉజ్జయినీ మహాకాళి ఆలయమున, ముఖమునకు పసుపు పూసుకొనిన ఒక స్త్రీ పచ్చికుండపై నిలిచి, ఆ యేటి వానలను గూర్చియు, పాడిపంటలను గూర్చియు, రానున్న రోగములను గూర్చియు అమ్మవారి పలుకుగా పలుకుచుండగా, గుడిలోని వారును, వెలుపల క్రిక్కిరిసిన వారును చెవియొగ్గి విందురు. రంగము అని పిలువబడు ఈ ఘట్టమును కన్నులార చూచిన చిత్రకారులు మన నగరమున కొల్లలుగా ఉన్నారు. కాని ఆ స్త్రీని ఒక సంకేతముగా తీర్చి, ఆమె పాదముల క్రింది కుండకును, ముఖముపై పసుపునకును, ఎదుటనున్న అమ్మవారి కన్నులకును ఒక్కొక్క భావమును నియమించి, అచ్చుపలకపైకి ఎక్కింపదలచిన వారికి తోడుపడగల చిత్రభాష యొకటి పశ్చిమదేశపు పేకముక్కలలో అయిదువందల యేండ్లకు పైగా పెరుగుచు వచ్చినది. అదియే టారో.

నేడు మన నగరములలో టారో అనగానే జనులకు స్ఫురించునది జోస్యము. పెండ్లి ఎప్పుడగును, ఉద్యోగము నిలుచునా, కోర్టు వ్యవహారము తేలునా అని అడుగువారును, ముక్కలు పరచి చెప్పువారును మన వీధులలోనే కలరు. ఆ జోస్యము ఫలించునా లేదా అను విచారముతో ఈ వ్యాసమునకు పనిలేదు. టారో జోస్యమునకు సాధనమగుటకు సుమారు మూడువందల యేండ్లకు ముందే కొయ్యపలకపైని, రాగిపలకపైని చెక్కబడి కాగితముపై అచ్చొత్తబడిన బొమ్మల వరుస యనియు, ఆ వరుసలో స్త్రీలకు దక్కిన స్థానము మన ముద్రణచిత్రకారులు శ్రద్ధగా చూడదగినదనియు చెప్పుటయే నా ఉద్దేశము.

ఒక టారో పేకలో 78 ముక్కలు ఉండును. వానిలో 56 ముక్కలు మన యిండ్లలోని పేకవలెనే నాలుగు జాతులు. ఖడ్గములు, పానపాత్రలు, దండములు, నాణెములు అని వాని పేర్లు. మిగిలిన 22 ముక్కలు ఏ జాతికిని చెందని ప్రధానచిత్రములు. ఇటలీదేశపు ఉత్తరభాగమున, 15వ శతాబ్దపు పూర్వార్ధమున, ప్రభువుల కొలువులలో ఆటకై ఇవి పుట్టినవి. మిలాను ప్రభువులకై బంగారు పూతపై చిత్రింపబడిన విస్కోంతి-స్ఫోర్జా పేకలో నేటికి 74 ముక్కలు దక్కినవి. అందు 35 న్యూయార్కులోని మోర్గన్ గ్రంథాలయమునను, 26 బెర్గామో నగరపు కరారా చిత్రశాలయందును, 13 ఒక ఇటాలియను కుటుంబమువారి చేతను ఉన్నవి. ఆ పేకలోని పోపురాలి చిత్రమును గూర్చి ఒక కథ కలదు. మైఫ్రెడా అను సన్యాసిని విస్కోంతి వంశమునకు బంధువు. స్త్రీయు పోపు కాగలదని విశ్వసించిన చిన్న శాఖకు ఆమె నాయకురాలై, 1300లో మతద్రోహిణిగా నిర్ణయింపబడి అగ్నికి ఆహుతియైనది. సుమారు నూటయేబది యేండ్ల తరువాత ఆమె వంశీయుల పేకలో మూడంతస్తుల కిరీటముతో, సన్యాసిని వస్త్రములతో కూర్చున్న ఆ స్త్రీ ఆమెయే యని కొందరు పండితులు ఊహించిరి. ఊహయే యైనను, ఒక వంశము బహిరంగముగా చెప్పరాని తన దుఃఖమును ఆటబొమ్మలో దాచుకొనియుండవచ్చునన్న తలంపు నన్ను విడువదు.

ప్రభువుల పేకలు బంగారముపై వెలసినవి. సామాన్యుల పేకలు కొయ్యపలకపై వెలసినవి. ఒక పెద్ద కాగితముపై ఇరువదేసి బొమ్మలు ఒక్కమారు అచ్చొత్తి, ఆ పిమ్మట ముక్కలుగా కోయుట ఆనాటి పద్ధతి. కోయకుండ మిగిలిపోయిన అట్టి కాగితములు నేడు వాషింగ్టనులోని నేషనల్ గ్యాలరీయందును, యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమునందును భద్రముగా ఉన్నవి. 15వ శతాబ్ది చివర రాగిపలకపై చెక్కి ముద్రించిన సోలా బుస్కా పేక 78 ముక్కలును పూర్తిగా దక్కిన మిక్కిలి ప్రాచీనమైన టారో. దానిని ఇటలీ ప్రభుత్వము 2009లో కొని మిలాను నగరపు బ్రెరా చిత్రశాలలో ఉంచినది. 18వ శతాబ్దిలో మార్సేలు నగరపు ముద్రాపకులు కొయ్యపలకతో నల్లగీతలు ముద్రించి, రంగు రంగునకును వేరువేరుగా కత్తిరించిన అట్టలను వానిపై ఉంచి, రంధ్రములగుండ కుంచెతో ఎరుపు, నీలము, పసుపు అద్దుచుండిరి. పలకతో ఒత్తిన గీత యొకటి, చేతితో అద్దిన రంగు వేరొకటి. నేడు మిశ్రమమాధ్యమ ముద్రణము అని మనము గౌరవముగా పిలుచు పద్ధతికి బీజము ఈ చవుక పేకలయందే కలదు.

జోస్యము పిదప వచ్చినది. 1781లో కూర్ ద జెబెలాఁ అను ఫ్రెంచి పండితుడు ఈ బొమ్మలు ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానగ్రంథమని ప్రకటించెను. ఆ కాలమున ఈజిప్టు లిపిని చదువగలవారు లోకమున ఒక్కరును లేరు. ఆ లిపి రహస్యమును షాంపోలియను అను పండితుడు విప్పినది 1822లో. ఆధారములేని ఆ ప్రకటన మాత్రము జనుల మనస్సులలో పాతుకొని, ఆటముక్కలను మంత్రసాధనములుగా మార్చినది.

నేడు లోకమంతట వ్యాపించిన టారో రూపము ఒక స్త్రీ చేతినుండి వచ్చినదని చెప్పినచో మనలో పలువురు ఆశ్చర్యపడుదురు. పామెలా కోల్మన్ స్మిత్ 1878లో లండనులో జన్మించి, బాల్యమున కొంతకాలము జమైకాలో గడపి, న్యూయార్కు బ్రూక్లిను ప్రాంతమునగల ప్రాట్ విద్యాలయమున చిత్రకళ నేర్చెను. అచట ఆమె గురువు ఆర్థర్ వెస్లీ డౌ జపానుదేశపు కొయ్యముద్రణలయందు మిక్కిలి అభిమానము గలవాడు. చదునైన రంగును, దృఢమైన నల్లని గీతను, మితమైన వస్తువులను ఆమె ఆ మార్గముననే వశము చేసికొన్నదనవచ్చును. ఆమె లండనులో ది గ్రీన్ షీఫ్ అను చిన్న పత్రికను 1903, 1904 సంవత్సరములలో నడపి, దాని చిత్రములకు చేతితో రంగులు వేయుచుండెను. 1907లో న్యూయార్కున స్టీగ్లిట్జ్ అను ఛాయాచిత్రకారుడు నడపుచుండిన ఛాయాచిత్రశాలలో ఛాయాచిత్రములు కాని కృతులకు జరిగిన మొదటి ప్రదర్శన ఆమెదే. 1909లో ఎ. ఇ. వెయిట్ అను తాంత్రిక రచయిత కోరికపై, కొలది నెలలలోనే, ఆమె టారో చిత్రములను పూర్తిచేసెను. పని మిక్కిలి పెద్దది, ప్రతిఫలము మిక్కిలి స్వల్పము అని ఆమెయే ఒక లేఖలో వ్రాసికొన్నది. పేకకు ప్రచురణకర్త పేరును, వెయిట్ పేరును స్థిరపడినవి. ఆమెకు మిగిలినది ప్రతి ముక్క మూలయందును సర్పమువలె మెలికలు తిరిగిన తన పొడి అక్షరముల సంతకము మాత్రమే. 1951లో కార్న్‌వాలులోని బ్యూడ్ పట్టణమున ఆమె అప్పులతో కన్నుమూసెను. ఇన్ని కోట్ల చేతులు తాకిన బొమ్మలను గీసిన చేతికి ఇంత అన్యాయము జరిగినదని తలచినప్పుడెల్ల నా మనస్సు కలుక్కుమనును.

ఆమె గీసిన ముక్కలను కొన్నింటిని దగ్గరగా చూతము. రెండవ సంఖ్యగల ముక్కపై ప్రధానార్చకురాలు నల్లని స్తంభమునకును తెల్లని స్తంభమునకును నడుమ కూర్చుండును. వెనుక దానిమ్మపండ్లు చిత్రించిన తెర. ఆ తెర అంచుల సందున లీలగా జలము. ఒడిలో సగము వస్త్రముచే కప్పబడిన గ్రంథపుచుట్ట, పాదముచెంత నెలవంక. ఆమె ముఖమున ఏ భావమును లేదు. చెప్పవలసినదంతయు చుట్టునున్న వస్తువులే చెప్పుచున్నవి. ఎనిమిదవ ముక్కపై శ్వేతవస్త్రధారిణి యగు స్త్రీ, పూలదండను నడుమునకు కట్టుకొని, సింహము నోటిని వట్టిచేతులతో మృదువుగా మూయుచుండును. దీనికి శక్తి లేక బలము అని పేరు. సింహమును చూచినంతనే మనవారు దుర్గయని చేతులు జోడింతురు. ఆ పోలిక తొందరపాటు. మన తల్లి సింహమును వాహనముగా చేసికొని యుద్ధమునకు నడచినది. ఈ స్త్రీ యుద్ధము లేకుండగనే మృగమును శాంతింపజేయుచున్నది. రెండును రెండు తలంపులు. రెండింటిని ఒక్కటిగా కలిపివేసిన చిత్రకారుడు రెండింటిని పోగొట్టుకొనును.

ప్రధానచిత్రములకంటె నాకు చిన్న ముక్కలయందే మక్కువ యెక్కువ. ఖడ్గముల జాతిలో ఎనిమిదవ ముక్కపై కన్నులకు గంతలతో, దేహమునకు కట్లతో ఒక స్త్రీ నిలిచియుండును. చుట్టును ఎనిమిది కత్తులు నేలలో నాటబడియుండును. కాని ఆమె కాళ్ళకు కట్లు లేవు, ఎదుట త్రోవకు అడ్డునులేదు. తొమ్మిదవ ముక్కపై నడిరేయి మంచముపై లేచి కూర్చుండి రెండు చేతులతో ముఖము కప్పుకొన్న మనిషి. ఆ మనిషి కప్పుకొన్న బొంతపై గులాబీలును, రాశిచక్రపు గుర్తులును. నాణెముల తొమ్మిదవ ముక్కపై పండిన ద్రాక్షతోటలో, చేతిపై డేగతో, ఒంటరిగా, నిండుగా నిలిచిన గృహిణి. రాణులును దేవతలును మాత్రమేకాక నిద్రపట్టని స్త్రీయు, తన తోటలో తాను నిలిచిన స్త్రీయు ఈ పేకలో చోటు సంపాదించుకొన్నారు.

మన దేశమునను పేకలకు కొదువలేదు. మొగలుల కాలమున వ్యాపించిన గంజిఫా ఆటకు వలయాకారపు ముక్కలను చిత్రించుటలో మన నిర్మల నకాషీలకును పేరు కలదు. దశావతార గంజిఫాలో పది జాతులు, 120 ముక్కలు. ప్రతి జాతిలోను బొమ్మముక్కలు రెండే: రాజు, మంత్రి. రాణి లేదు. అవతారములు పది ఉన్నను ఆ ఆటలో స్త్రీకి స్వంతముగా ఒక ముక్క దక్కలేదు. జోస్యపు వైపునకు వచ్చినచో చిత్రము తారుమారగును. చిలకజోస్యమున పంజరమునుండి వెలువడిన చిలుక ముక్కుతో తీయు బొమ్మలలో లక్ష్మియు, సరస్వతియు, పార్వతియు ఉందురు. ఎరుక చెప్పునది ఎరుకలసాని. ధరణీదేవికి కుమార్తె కల్యాణమును గూర్చి చెప్పుటకు సాక్షాత్తు శ్రీనివాసుడే ఎరుకలసాని వేషము ధరించెనని వేంకటాచల మాహాత్మ్యకథ. ఆటలో లేని స్త్రీ భవిష్యవాక్కునందు అధికారిణి. మన చిత్రకారిణులు టారోనుండి గ్రహింపవలసినది పాశ్చాత్యుల కిరీటములను, స్తంభములను కాదు. ఒక స్త్రీని ఒక ముక్కగా, ఒక సంఖ్యతో, తనవైన వస్తువుల నడుమ నిలిపి, ఆమెను ఇతర ముక్కల పక్కన ఉంచి చదువు పద్ధతిని గ్రహింపవలెను.

ఈ పద్ధతిని ముద్రణకళతో కలిపినవారిలో అమెరికాలోని నల్లజాతి చిత్రకారిణి బెటీ సార్ అగ్రగణ్య. 1926లో జన్మించిన ఆమె మొదట లోహపలకలపై ఆమ్లముతో చెక్కి అచ్చుతీయు కళను అభ్యసించి, జ్యోతిషము, హస్తసాముద్రికము, టారో మున్నగువాని గుర్తులను తన అచ్చులలోనికి తెచ్చెను. 1969లో పాత కిటికీ చట్రమును దొరకబుచ్చుకొని, దాని అద్దములలో తాను ముద్రించిన బొమ్మలను అమర్చి నల్లబాలిక కిటికీ అను కృతిని నిర్మించెను. క్రింది పెద్ద అద్దమునకు అరచేతులు ఆనించి చూచుచున్న బాలిక నీడ. ఆ అరచేతులలో గ్రహముల, రాశుల గుర్తులు. పైనున్న చిన్న అద్దములలో చంద్రుడు, సింహము, అస్థిపంజరము, ఒక పాత ఛాయాచిత్రము. సింహము సామాన్యముగా ధైర్యమునకు గుర్తు. ఆమె జన్మరాశియు సింహమే కావున అది అచట ఆమె సంతకమువంటిదియు అగుచున్నది. లోకమంతటికిని చెందిన గుర్తు ఒక్క స్త్రీ జీవితములోనికి ఎట్లు దిగివచ్చునో చూపుటకు దీనిని మించిన ఉదాహరణము నాకు తెలియదు. నికి ద సాఁ ఫాల్ అను ఫ్రెంచి శిల్పకారిణి ఇటలీలోని తుస్కనీ ప్రాంతమున టారో ప్రధానచిత్రములను భవనమంతేసి శిల్పములుగా కట్టి, సమ్రాజ్ఞి శిల్పపు గర్భములోనే కొన్నేండ్లు నివసించెను. ఆ వనము 1998లో జనులకు తెరువబడినది.

ముద్రణకళలో తెలుగునేల వెనుకబడినది కాదు. మెదకు జిల్లా నిజాంపూరున 1940లో జన్మించిన కె. లక్ష్మాగౌడు హైదరాబాదులో చదివి, బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ శిష్యుడై, పల్లెస్త్రీలను, మేకలను, చెట్లను లోహపలకపై సన్నని గీతలతో చెక్కి దేశమంతట కీర్తినందెను. హైదరాబాదు విశ్వవిద్యాలయపు సరోజినీనాయుడు కళాశాలయందు ఆయన అధ్యాపకుడుగను ఉండెను. 2016లో పద్మశ్రీ లభించినది. ఆయన చెక్కిన స్త్రీ ఎవరి అర్థమునకును లొంగదు. కండలు, నగలు, చూపు అన్నియు ఆమెవే. టారోలోని స్త్రీ అర్థము మోయుటకే పుట్టినది. ఈ రెంటి నడుమనే నేటి ముద్రణచిత్రకారిణి తన త్రోవను వెదకికొనవలెను.

ఆ త్రోవ ముద్రణముయొక్క స్వభావములోనే ఉన్నదని నా విశ్వాసము. పలక ఒక్కటి. దానినుండి పది ప్రతులు తీసినచో పదింటను గీత ఒక్కటే. తల్లి, రాణి, ప్రవక్త్రి, బందీ అను తరతరాల మూసలు ఆ పలకవంటివి. కాని ప్రతి కాగితముపైని వేరు రంగు అద్ది, వేరు వస్త్రపుముక్కను అతికి, వేరు దారముతో కుట్టినచో ఏ రెండును ఒక్కటి కావు. మూసను దాచక, వ్యక్తిని పోగొట్టక, రెండింటిని ఒకే కాగితముపై చూపగల శక్తి మిశ్రమమాధ్యమ ముద్రణమునకు ఉన్నట్లు మరి యే చిత్రకళకును లేదు.

ఉదాహరణమునకు మన నగరపు సైనిక్‌పురినే తీసికొందము. సైన్యమున పనిచేసి విరమించినవారికై ఏర్పడిన ఈ కాలనీ ఇండ్లలో నల్లరంగు ఇనుపపెట్టెలు ఇంకను దొరకును. వాని మూతలపై తెల్లని అక్షరములతో భర్త హోదాయు, పేరును. కత్తిరించిన రేకును మూతపై ఆనించి రంగు అద్ది ఆ అక్షరములు వ్రాయు పద్ధతియే మార్సేలు పేకలకు రంగులు వేసిన పద్ధతి. రెండేండ్లకొకమారు, మూడేండ్లకొకమారు ఊరు మారుచు, సరిహద్దున భర్త ఉండగా పిల్లల చదువును, అత్తమామల ఆరోగ్యమును ఒంటిచేతిమీద నడపిన గృహిణులు ఆ పెట్టెలను సర్ది, విప్పి, మరల సర్దినవారు. పెట్టెలపై వారి పేరు లేదు. పామెలా స్మిత్ పేరును పేకపెట్టెపై లేకపోయినది. అట్టి గృహిణి నాణెముల తొమ్మిదవ ముక్కవలె తన పెరటి మామిడిక్రింద నిలుచుట ఒక ముక్క. ఖడ్గముల తొమ్మిదవ ముక్కవలె వార్తకై నడిరేయి మేలుకొనుట మరియొక ముక్క. ఉజ్జయినీ మహాకాళి గుడియును సైన్యముతో ముడిపడినదే. 1813 ప్రాంతమున కలరా ప్రబలినప్పుడు, సైన్యమున డోలీ మోయుచు ఉజ్జయినికి పోయిన సురిటి అప్పయ్య అచట మ్రొక్కుకొని, 1815లో తిరిగివచ్చి అమ్మవారి దారువిగ్రహమును సికిందరాబాదున ప్రతిష్ఠించెనని ఆలయచరిత్ర. కుండపై నిలిచిన ప్రవక్త్రి ముక్కయు, ఇనుపపెట్టెపై కూర్చున్న గృహిణి ముక్కయు ఒకే పేకలో చేరుట అందువలన మిక్కిలి సహజము.

ఇంటియందే ఈ పని ఎట్లు సాగునో కొంచెము చెప్పవలెను. జింకుపలకపై ఆమ్లముతో చెక్కుటకు గాలి ధారాళముగా ఆడు కర్మశాల కావలెను. ఆ ఆమ్లపు పొగ ఊపిరితిత్తులకు హాని. ఇంటికి తగినది అతుకుపలక. మందమైన అట్టపై గోనెగుడ్డ, జరీ అంచు, ఎండిన వేపాకు, దారము మున్నగునవి జిగురుతో అతికి, వడ్రంగులు బీరువాలకు పూయు లక్క పాలిష్ రెండుమూడు పూతలు పూసి బాగుగా ఆరనిత్తురు. పిదప చిక్కని సిరాను అట్టముక్కతో సందుసందులలోనికి నెట్టి, పలుచని గుడ్డతో పైభాగమును తుడుతురు. ఈ తుడుపులోనే చేయితిరిగినతనము తెలియును. ఎక్కువ తుడిచినచో గోనె నేత మాయమగును, తక్కువైనచో ముఖము మసిబారును. నీటిలో నాన్చి అద్దిన కాగితమును పలకపై పరచి, ఉన్ని దుప్పటి కప్పి, రోలరు యంత్రము క్రింద నడపుదురు. కాగితమును ఒక మూలనుండి మెల్లగా ఎత్తునప్పుడు జరీ అంచు దారములు ఒక్కొక్కటిగా తెల్లని ఉబ్బుతో, నల్లని అంచుతో పైకి లేచును. పాత ఉత్తరపు నకలును పలుచని కాగితముపై తీసి, వెనుక గంజి పూసి, పలకకును కాగితమునకును నడుమ ఉంచినచో ఆ వ్రాత అచ్చులో కలిసిపోవును. ఆరిన తరువాత పసుపు కలిపిన రంగును చేతితో అద్దవచ్చును, సూదితో ఎర్రదారము కుట్టవచ్చును.

పలకపై కుడి కాగితముపై ఎడమ యగును. కావున రంగము చెప్పు స్త్రీ కుడిచేయి ఎత్తవలెనన్నచో పలకపై ఎడమచేయి ఎత్తవలెను, అక్షరములు తిరుగవ్రాయవలెను. టారోలో మరియొక తిరుగుడు కలదు: తలక్రిందుగా పడిన ముక్కకు జోస్యులు వేరు అర్థము చెప్పుదురు. ఈ రెండు తిరుగుళ్ళను చిత్రకారిణి తలచి వాడుకొనవచ్చును. నడిరేయి మేలుకొన్న స్త్రీ ముక్కను తలక్రిందు చేసినప్పుడు బొంతయే ఆకాశమై, గుర్తులు నక్షత్రములై కనుపించునట్లు పలకను కూర్చినచో ఒక అచ్చులో రెండు చిత్రములు దక్కును.

ఇట్టి అచ్చులను గోడకు వరుసగా వ్రేలాడదీయుట నాకు సమ్మతము కాదు. పొడవైన బల్లపై పరచి, చూడవచ్చినవారు మూడేసి ఎత్తి పక్కపక్కన పెట్టి తమకు తోచిన కథను చదువుకొనునట్లు ఉంచవలెను. చేతులు తాకునవి గనుక కాగితము మందముగా ఉండవలెను. ముక్క ఏదో ముందుగా తెలియకుండుటకు అన్నిటి వెనుకవైపునను ఒకే అచ్చు పడవలెను. అందుకు పెడన అద్దకపు పనివారు టేకుపై చెక్కు దిమ్మ ఒక్కటి చాలును. కరక్కాయ నీటిలో తడిపి ఆరవేసిన పలుచని గుడ్డపై దానిని ఒత్తి, ఆ గుడ్డను ముక్కల వెనుక గంజితో అతికినచో, కాగితమునకు బలమును కలుగును, నమూనాయు నిలుచును. దిమ్మపై చెక్కించు నమూనాను మాత్రము, మొదటి పలకకు చేయి పెట్టకముందే, చిత్రకారిణి స్వయముగా గీసి ఇయ్యవలెను.